ఇంట్లోనే పోయిన నాణెం

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తెల్లచీరలు మార్చుకుని, కోడికూరతో అన్నం తిని, టీవీ ముందు చేరడం మా ఇంట్లో ఆరాధనకు కొనసాగింపులాగే ఉండేది. నాకు పదేళ్ళప్పుడు అలాంటి ఒక మధ్యాహ్నం 'మిస్సమ్మ' సినిమా వచ్చింది. తెర మీద సావిత్రి మేరీమాతను వేడుకుంటూ పాడుతోంది. సినిమా హీరోయిన్ మా మతం మనిషి కావడం నేను చూడటం అదే మొదలు. "అమ్మమ్మా, ఈమె మనోళ్ళే!" అని అరిచాను. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "మనోళ్ళు కాదే, ఆ పిల్ల ఆర్సీఎం" అంది. మేం బాప్టిస్టులం. మేరీమాతకు మొక్కం. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మా అమ్మ అక్కడి నుంచే, "ఆర్సీఎమ్మూ కాదు, ఏదీ కాదు. ఆఖర్న జమీందారు కూతురని తేలుద్ది, చూస్తా ఉండు" అంది.

అలాగే తేలింది. నాకు ఏడుపొచ్చింది. సినిమాలో అందరూ నవ్వుతుంటే నువ్వెందుకే ఏడుస్తున్నావని అమ్మమ్మ విసుక్కుంది. ఎందుకో చెప్పడానికి నాకు అప్పుడు మాటలు లేవు. తర్వాత సాహిత్యంలో డాక్టరేటు చేశాను. ప్రాతినిధ్యం, అస్తిత్వం, ఆధిపత్యం లాంటి మాటలు బోలెడు నేర్చుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ మా అమ్మ చేసిన విమర్శకు నేను కొత్తగా చేర్చింది పెద్దగా ఏమీ లేదని ఈ మధ్య అనిపిస్తోంది.

విశ్వాసం, సినిమా, ఇంటిపని - ఈ మూడింటినీ కలిపి ఒక క్రైస్తవ స్త్రీ మాట్లాడితే వాటిని మనం కబుర్లంటాం. చర్చిలో అయితే సాక్ష్యం అంటారు. విమర్శ అని మాత్రం ఎవరూ అనరు. నేను ఆ కబుర్ల దగ్గరే మొదలుపెట్టి తప్పిపోయిన ముగ్గురు కూతుళ్ళ గురించి మాట్లాడదలచుకున్నాను. ఒకరు సినిమాలో అమ్మాయి, ఒకరు కథలో అమ్మాయి, ఒకరు మా ఇంటి అమ్మాయి. ఎవరు తప్పిపోయారు, ఎవరు పోగొట్టుకున్నారు అన్న ప్రశ్న చర్చి గుమ్మం దగ్గర మొదలై మన స్త్రీవాద సాహిత్యం గుమ్మం దాకా వస్తుందని నా నమ్మకం.

*

'మిస్సమ్మ' 1955లో వచ్చింది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, చక్రపాణి కథనం, పింగళి మాటలు, సాలూరి సంగీతం. ఇన్నేళ్ళయినా మనం ఇష్టంగా చూసుకునే సినిమా. నాకూ ఇష్టమే. అందులో మేరీ చదువుకున్న అమ్మాయి. డేవిడ్ దగ్గర ఇంటికి అప్పు ఉంది. ఆ అప్పు అడ్డం పెట్టుకుని అతను పెళ్ళికి ఒత్తిడి చేస్తుంటాడు. అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. ఉద్యోగం భార్యాభర్తలకే ఇస్తారు. అందుకని ముక్కూమొహం తెలియని ఎం.టి. రావుతో కలిసి భార్యాభర్తలుగా నటించడానికి ఆమె ఒప్పుకుంటుంది. జీతం కోసం పెళ్ళిని ఒక వేషంగా వేసుకున్న స్త్రీ! పెళ్ళి అనే సంస్థ మీద ఇంత సరదాగా ఇంత పదునైన వ్యాఖ్య ఆనాటి సినిమాల్లో అరుదు. సావిత్రి కోపం గురించి కూడా చెప్పాలి. ఆ ఇంటి ఆచారాలు తన మీద రుద్దుతున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించే చిరాకు నటన అనిపించదు. పరాయి ఇంట్లో అద్దెకుండి, వాళ్ళ పండక్కి పేరంటానికి పిలిస్తే కాదనలేక వెళ్ళిన ప్రతి క్రైస్తవ స్త్రీకీ ఆ చిరాకు తెలుసు.

కానీ ఆ చిరాకును సినిమా చివరిదాకా నిలబెట్టలేదు. మేరీ అసలు పేరు మహాలక్ష్మి. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు. ఆమె జ్ఞాపకార్థం తండ్రి పెట్టిన బడిలోనే ఆమె పంతులమ్మగా చేరింది. ఆనవాలు పాదం మీది పుట్టుమచ్చ. పుట్టుక బయటపడగానే ఇరవై ఏళ్ళ పెంపకం, ప్రార్థన, కోపం అన్నీ ఒక ముచ్చటైన పొరపాటుగా మారిపోతాయి. కథలో మిగిలిన క్రైస్తవులెవరు? హాస్యం కోసం ఉన్న అప్పులవాడు డేవిడ్. పరాయి బిడ్డను పెంచి పెద్దచేసి తిరిగి అప్పగించడానికి ఉన్న తల్లిదండ్రులు. తెలుగు సినిమాలో అందరికన్నా పేరుపొందిన క్రైస్తవ స్త్రీ చివరికి క్రైస్తవురాలు కాదు. మా అమ్మ చెప్పింది ఇదే.

ఇది మతసామరస్యం చెప్పిన సినిమా కదా అని ఒక సెమినార్లో నన్ను అడిగారు. నిజమే. కానీ ఆ సామరస్యానికి ఎవరూ ఏమీ చెల్లించనవసరం లేదు. మేరీ ఏ ఒంగోలు పక్క మాదిగపల్లెలోనో పుట్టిన అమ్మాయి అయివుంటే జమీందారు ఇంట్లో ఏ పుట్టుమచ్చ ఆమెను రక్షించేది? కథ ముగిసేదే కాదు. అసలు మొదలయ్యేదీ కాదు. తెర మీద మేరీకి మతం ఉంది, కులం లేదు. మహాలక్ష్మిగా మారాకనే ఆమెకు కులం వచ్చింది, అదీ మంచి కులం.

1981లో వచ్చిన 'సీతాకోకచిలుక' ఇంకో రకం పరిష్కారం చూపించింది. బ్రాహ్మణ కుర్రాడు, క్రైస్తవ అమ్మాయి కరుణ. చివర అతను జంధ్యం, ఆమె సిలువ వదిలేసి కలిసి నడిచిపోతారు. కాలేజీ రోజుల్లో ఆ ముగింపు నాకు విప్లవంలా అనిపించింది. ఇప్పుడు చూస్తే త్రాసు సరిగ్గా లేదనిపిస్తుంది. జంధ్యం తీసేసినా ఆ కుర్రాడికి అద్దెకు ఇల్లు దొరుకుతుంది. సిలువ తీసేసిన మా అమ్మాయిలకు దొరకాలంటే ఇంకా చాలా తీసెయ్యాలి.

మా అమ్మమ్మకు ఈ రెండు సినిమాల మీదా పెద్ద అభిప్రాయం లేదు. ఆమెకు సినిమా అంటే ఒక్కటే, 1978 నాటి 'కరుణామయుడు'. భీమ్‌సింగ్ తీసిన ఆ సినిమాను తెరకట్టి ఊళ్ళల్లో చూపించేవారు. సిలువ మోసుకెళ్ళే ఘట్టంలో బాలసుబ్రహ్మణ్యం పాట మొదలవగానే చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఏడ్చేవారట. దాన్ని భక్తి అని ఒక్కమాటలో తేల్చెయ్యలేం. కొరడా దెబ్బలు తినే దేవుడు తమ భాషలో మాట్లాడుతుంటే, దొరల పొలాల్లో దెబ్బలు చూసిన ఆడవాళ్ళు ఏడ్చారు. ఆ ఏడుపులో దేవుడి కోసం ఎంత, తమ కోసం ఎంత అని విడదీయడం విమర్శకుల పని కావచ్చు, వాళ్ళకు అవసరం లేదు. జాషువా 'క్రీస్తు చరిత్ర' 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది. మా అమ్మమ్మ దాన్ని చదవలేదు. ఆమె క్రీస్తు చరిత్ర విజయచందర్ ముఖంతోనే ఉంది.

*

మాదిగపల్లె అన్నాను కాబట్టి అది కూడా చెప్పాలి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు రెండేళ్ళు ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో పని ఇప్పించాడు. ఆ 2,222 అంకె మా అమ్మమ్మకు కీర్తనలా కంఠతా వచ్చు. గింజల కోసం మారారని ఒకరు, ఆత్మరక్షణ కోసం మారారని ఇంకొకరు దాన్ని విడగొడతారు. ఆకలికీ అవమానానికీ వేరువేరు దేవుళ్ళుంటారని వాళ్ళు అనుకుంటారేమో. కడుపుకు గంజి, పిల్లలకు బడి, నలుగురిలో కూర్చునే చాప - ఈ మూడూ మా వాళ్ళకు ఒకే దిక్కు నుంచి వచ్చాయి.

చట్టం మాత్రం దీన్ని వేరేగా చూసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాల జాబితాకు బయట ఉంచింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉన్నారు. ఆంధ్రలో వాళ్ళు ఒక శాతం రిజర్వేషన్‌తో బి.సి.-సి. కింద ఉన్నారు. 2022లో కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వాళ్ళను ఎస్.సి. జాబితాలో చేర్చాలని తీర్మానం చేసింది.

ఇది ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను. నాదీ మా పెద్దమ్మ కూతురిదీ ఒకే వీధి. ఒకే బోరింగు నీళ్ళు. ఒకే హోటల్లో వేరే గ్లాసులో టీ తాగిన తాతలు. నా సర్టిఫికెట్టులో బి.సి.-సి., అక్క సర్టిఫికెట్టులో ఎస్.సి. మా ఇద్దరినీ ఊళ్ళో పిలిచే తిట్టు మాత్రం ఒకటే. 'మిస్సమ్మ'ను ఈ ఉత్తర్వు పక్కన పెట్టి చూడండి. సినిమా అంటుంది: ఎక్కడ పెరిగినా, ఏ దేవుణ్ణి మొక్కినా నీ పుట్టుక నిన్ను వదలదు. చట్టం అంటుంది: దేవుణ్ణి మార్చుకున్నావు గనక నీ పుట్టుక నిన్ను వదిలేసింది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అయినా ఒక్క విషయంలో ఏకీభవిస్తాయి. పుట్టుకతో దళితురాలు, విశ్వాసంతో క్రైస్తవురాలు అయిన స్త్రీ అనేది ఒకతె ఉండటానికి వీల్లేదు.

పరిశోధన చేస్తున్న రోజుల్లో హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటూ వెళితే ఒక ఇంటావిడ నన్ను చల్లటి నీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "మీరేవిట్లమ్మా?" అని అడిగింది. నా నుదుట స్టిక్కర్ బొట్టు ఉంది. దాన్ని ఆ పొద్దున్నే స్నేహితురాలి అద్దం మీద నుంచి తీసి పెట్టుకున్నాను. పేరులో సగం మాత్రమే చెప్పాను. ఇల్లు దొరికింది. రెండేళ్ళు ఆ ఇంట్లో డిసెంబరులో నక్షత్రం కట్టలేదు. బైబిలు బట్టల మధ్య ఉండేది. ఆ గదిలోనే కూర్చుని ఆధిపత్య భావజాలం మీద మూడు వందల పేజీలు రాశాను.

*

ఆ గదిలో ఉన్నప్పుడే ఎం.ఎం. వినోదిని గారి 'తప్పిపోయిన కుమార్తె ఉపమానం' చదివి వుంటే నేను కొంచెం త్వరగా బాగుపడేదాన్నేమో. లూకా సువార్త 15వ అధ్యాయంలో, 11వ వచనం నుంచి 32 దాకా ఉన్న తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని తీసుకుని, ఆ కుమారుడి స్థానంలో కూతుర్ని పెట్టి రాసిన కథ అది. ఇంగ్లీషులో 2013లో వచ్చిన 'స్టీల్ నిబ్స్ ఆర్ స్ప్రౌటింగ్' సంకలనంలో అనువాదం ఉంది. చదువు కోసం వెళ్ళిన దళిత క్రైస్తవ అమ్మాయి సువార్తవాణి, బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి మీద మోజుపడుతుంది. ఆ ఇంటి శుభ్రం, ఆ ఇంటి మాట, ఆ ఇంటి తిండి పక్కన తన ఇల్లు ఆమెకు సిగ్గుగా కనిపిస్తుంది. తను ఇష్టపడిన ఆ ఇంటి దగ్గరే దెబ్బతిని తన ఇంటికి తిరిగొస్తుంది.

'మిస్సమ్మ'కు ఇంతకన్నా సరైన జవాబు తెలుగులో నేను చదవలేదు. అక్కడ క్రైస్తవ ఇంటి నుంచి అగ్రవర్ణ ఇంటికి వెళ్ళడం దొరకడం. ఇక్కడ అదే దారిలో వెళ్ళడం తప్పిపోవడం. దారి ఒకటే, దిక్కు మారింది. తెలుగు పాఠకులు సహజంగా భావించే అందమైన ఇల్లు, మర్యాదైన మాట, సాత్వికమైన భోజనం ఎవరి కొలతలో వినోదిని గారు నిలదీశారు. చర్చిలో వందసార్లు విన్న ఉపమానాన్ని కులం ఉపమానంగా మార్చడానికి విశ్వాసం లోపలి మనిషి కావాలి. బయటి వాళ్ళకు ఆ కథ దొరకదు. క్రైస్తవం ఇక్కడ మతప్రచారం కాదు, కథ చెప్పడానికి ఒక స్త్రీకి అమ్మ ఇచ్చిన పనిముట్టు.

ఇంత ఇష్టమైన కథతో నాకు ఒక పేచీ కూడా ఉంది. ఉపమానంలో కొడుకు తన వాటా అడిగి తీసుకుని, దూరదేశం వెళ్ళి, ఆస్తి తగలేసి, పందుల పొట్టుకు ఆశపడే స్థితికి వచ్చి, బుద్ధి తెచ్చుకుని తిరిగొస్తాడు. అతనికి ఆస్తి ఉంది, ఎంపిక ఉంది, కనుక పశ్చాత్తాపం కూడా ఉంది. దళిత క్రైస్తవ అమ్మాయి ఏ వాటా తీసుకెళ్ళింది? తన ఇల్లు సిగ్గుపడాల్సిన ఇల్లని ఆమెకు పాఠ్యపుస్తకం నేర్పింది, సినిమా నేర్పింది, "మీరేవిట్లమ్మా" అన్న ఇంటావిడ నేర్పింది. అలాంటప్పుడు పశ్చాత్తాపపడాల్సింది ఆమేనా? వినోదిని గారి కథకు ఈ ప్రశ్న తెలియదని కాదు. ఆ సిగ్గు ఎలా పుడుతుందో అందులో ఉంది. కానీ ఉపమానం నిర్మాణం ఎంత బలమైనదంటే, తిరిగొచ్చిన వాళ్ళ మీద తప్పు చేసినవాళ్ళన్న నీడ పడకుండా ఉండదు. ఆ నీడ నుంచి బయటపడే దారి నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా ఊరి చర్చిలో దొరికింది.

*

నేను తప్పిపోయింది పంతొమ్మిదో ఏట. చర్చి వార్షిక సమావేశంలో లేచి, ప్రతి శనివారం చర్చి ఊడ్చే ఆడవాళ్ళు సంఘ కమిటీలో ఎందుకు లేరని అడిగాను. ఒక పెద్దాయన నవ్వుతూ, "కూర్చో అమ్మాయ్, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని వాక్యం" అన్నారు. అందరూ నవ్వారు. ఊడ్చేవాళ్ళలో మా అమ్మ ఉంది. అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెట్టి వచ్చి, శనివారం సాయంత్రం చీపురు తీసేది. ఆమె తలదించుకుని కూర్చుంది. ఆ తర్వాత నేను క్రిస్మస్‌కి తప్ప చర్చికి వెళ్ళలేదు.

నాలుగేళ్ళ కిందట స్త్రీల కూటంలో అమ్మ సాక్ష్యం చెప్పిందని అక్క ఫోన్ చేసింది. సాక్ష్యానికి ఒక వ్యాకరణం ఉంటుంది. కష్టం వచ్చింది, ప్రార్థన చేశాం, విడుదల దొరికింది, ప్రభువుకే మహిమ. ఈ నాలుగు మెట్ల మధ్యలో మా ఆడవాళ్ళు ఎన్ని దాచి తెస్తారో! భర్త తాగుడు, తాకట్టులో ఉన్న పుస్తెలు, గర్భసంచి ఆపరేషను, కోడలి మౌనం. ఇంట్లో చెప్పుకోలేనివి, వీధిలో చెప్పుకోకూడనివి అక్కడ మైకులో చెబుతారు. చివర్న స్తోత్రం చెప్పాలి కాబట్టి ఎవరూ ఆపరు. స్త్రీల ఆత్మకథ మీద మనం ఇన్ని సదస్సులు పెట్టుకున్నాం, ఈ ప్రక్రియ గురించి ఎక్కడా మాట్లాడుకోలేదు. నా థీసిస్‌లోనూ లేదు.

మా అమ్మ ఆ వ్యాకరణం తప్పింది. "మా అమ్మాయి పోయింది. ఎతుకుతా ఉన్నా. ప్రార్థన చెయ్యండి" అని కూర్చుందట. విడుదల లేదు, స్తోత్రం లేదు. కూటంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదని అక్క చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ డిసెంబరులో ఇంటికెళ్ళి, చర్చిలో బెంచీలు సర్దుతున్న అమ్మ దగ్గర నిలబడి, "నేనేమన్నా పందుల దగ్గర పొట్టు తింటున్నానా? నలుగురిలో నన్ను తప్పిపోయినదాన్ని చేశావు" అన్నాను. అమ్మ ఒక చీపురు నా చేతికిచ్చింది.

"నేను కుమారుడి కత చెప్పలా. నాణెం కత చెప్పా."

నాకు అర్థం కాలేదు.

"గొర్రె మేసుకుంటా పోయింది. కొడుకు వాటా పంచుకుని పోయాడు. నాణెం యాడికి పోద్దే? దానికి కాళ్ళున్నాయా? అది ఇంట్లోనే పోయింది. పోగొట్టుకుంది ఇంటిది. అందుకే దీపం పెట్టుకుని ఊడ్చి ఊడ్చి ఎతుక్కుంటంది. నాణేన్ని ఎవురూ తిట్టలా." కాసేపాగి, చీపురు ఆపకుండానే, "ఆ రోజు ఆయన కూర్చోమంటే నేను నోరు మూసుకున్నా" అంది.

లూకా 15వ అధ్యాయంలో మూడు ఉపమానాలున్నాయి. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు. మొదటిదాని మీద బొమ్మలు గీశారు, మూడోదాని మీద నాటకాలు వేశారు. మధ్యలో మూడే మూడు వచనాల్లో, పది వెండి నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ ఉంది. వెతికే కాపరి దేవుడైతే, ఎదురుచూసే తండ్రి దేవుడైతే, చీపురు పట్టుకున్న ఈ స్త్రీ కూడా దేవుడే కావాలి. ఉపమానాల వరుస అదే చెబుతోంది. నాకు గుర్తున్నంతలో మా చర్చిలో పులిపీఠం మీద నుంచి ఆ మాట ఎవరూ అనలేదు. స్త్రీవాద బైబిలు అధ్యయనంలో పేరున్న ఎలిజబెత్ షూస్లర్ ఫియోరెంజా 1983లో తన పుస్తకానికి 'ఇన్ మెమరీ ఆఫ్ హర్' అని పేరు పెట్టింది. క్రీస్తు తల మీద అత్తరు పోసిన స్త్రీని లోకమంతా తలుచుకుంటుందని చెప్పిన మార్కు సువార్త ఆమె పేరు మాత్రం రాయలేదు. నాణెం పోగొట్టుకున్న స్త్రీకీ పేరు లేదు. శనివారం ఊడ్చేవాళ్ళకు కమిటీ పుస్తకంలోనూ పేర్లు లేవు.

వినోదిని గారు 11వ వచనం దగ్గర మొదలుపెట్టారు. మా అమ్మ మూడు వచనాలు వెనక్కి వెళ్ళింది. అక్కడికి వెళితే ప్రశ్న మొత్తం మారిపోతుంది. కూతురు ఎందుకు వెళ్ళిపోయింది అన్నది ప్రశ్న కాదు. ఇల్లు ఆమెను ఎలా పోగొట్టుకుంది అన్నది ప్రశ్న. తిరిగి రావడం ఆమె బాధ్యత కాదు, వెతకడం ఇంటివాళ్ళ పని.

*

ఈ ప్రశ్నను చర్చికి మాత్రమే వదిలేస్తే నాకూ హాయిగానే ఉంటుంది, చదివే మీకూ హాయిగానే ఉంటుంది. కానీ నాకు ఇంకో ఇల్లు కూడా ఉంది. అది ఇదే. ఈ పత్రికలు, ఈ సమావేశాలు, ఈ స్నేహాలు. ఇరవై ఏళ్ళ వయసులో చర్చి నుంచి బయటికొచ్చిన నన్ను చేరదీసింది స్త్రీవాదమే. ఆ రుణం తీరేది కాదు. ఆ రుణంతోనే అడుగుతున్నాను.

ఈ ఇంట్లో బతుకమ్మ స్త్రీల సంస్కృతి. దాని మీద మనం ఎంతో చక్కగా రాశాం, రాయాలి కూడా. క్రిస్మస్ ముందు రాత్రి చలిలో ఇంటింటికీ తిరిగి పాడే మా ఆడవాళ్ళ పాట మాత్రం మతం. ఎక్కువ మాట్లాడితే మిషనరీ ప్రభావం. అట్లతద్ది నోములో స్త్రీల ఊహాలోకాన్ని చూడగలిగిన మన విమర్శ, ఉపవాస కూటంలో స్త్రీల విశ్రాంతిని చూడలేకపోయింది. "ఇంత చదువుకున్నారు, ఇంకా చర్చికి వెళతారా?" అని ఒక సదస్సు భోజనాల దగ్గర నన్ను అడిగిన స్నేహితురాలు శ్రావణ శుక్రవారం పూజ చేసుకుని వచ్చింది. ఆమెది అలవాటు, నాది నమ్మకం. అలవాటుకు సంజాయిషీ అక్కర్లేదు. నేను అప్పుడు "వెళ్ళనండీ" అని నవ్వేశాను. అది అబద్ధం కాదు. కానీ ఆ నవ్వు స్టిక్కర్ బొట్టు లాంటిదే.

'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' 2003లో వచ్చింది. ఆ పదేళ్ళలో, ఆ తర్వాతా చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, వినోదిని లాంటి వాళ్ళు అడిగిన ప్రశ్నల వల్ల కులం గురించి మాట్లాడకుండా స్త్రీ గురించి మాట్లాడటం ఇవాళ సాధ్యం కాదు. విశ్వాసం గురించి ఇంకా మాట్లాడుకోలేదు. మాట్లాడితే హిందూత్వ రాజకీయాలకు ఊతమిచ్చినట్టవుతుందని కొందరి భయం. మతమంటేనే పితృస్వామ్యమని కొందరి నిశ్చయం. రెండో మాటతో నాకు పెద్ద పేచీ లేదు, పంతొమ్మిదో ఏట దాన్ని నేను కళ్ళారా చూశాను. కానీ పితృస్వామ్యంలోనే ఉన్న కుటుంబం గురించి, ప్రేమ గురించి, వంటింటి గురించి మనం ఎన్ని పుటలు రాశాం! అక్కడ స్త్రీలు ఎలా బతికారో, దేన్ని మలుచుకున్నారో, దేన్ని దాచుకున్నారో ఎంత ఓపికగా చూశాం! ఆ ఓపికలో కొంత సాక్ష్యానికి, కీర్తనకు, తెరకట్టి చూపిన సినిమా ముందు ఏడ్చిన ఏడుపుకు కూడా ఇవ్వమని అడుగుతున్నాను. విశ్వాసిగా మారమని కాదు, చదవమని.

చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. స్త్రీల కూటాల్లోని సాక్ష్యాలను, చెప్పిన వాళ్ళ అనుమతితో, మౌఖిక సాహిత్యంగా సేకరించవచ్చు. సినిమాల్లోని నర్సులు, టీచర్లు, మిస్సమ్మల మీద కులం, మతం, లింగం కలిపి చూసే అధ్యయనం చేయవచ్చు. వినోదిని గారి కథను పాఠంగా చెప్పేటప్పుడు లూకా 15వ అధ్యాయం మొత్తాన్ని పక్కన పెట్టుకోవచ్చు. మా అమ్మలాంటి వాళ్ళను ఆ తరగతికి పిలవవచ్చు.

ఆ అధ్యాయం గురించి వెతుకుతుంటే ఒక సంగతి తెలిసింది. లాటిన్ బైబిలు రాతప్రతుల్లో, ఆ స్త్రీ ఇల్లు ఊడ్చింది అని చెప్పే క్రియాపదంలో ఒక్క అక్షరం మారిపోయి, ఇంటిని తల్లకిందులు చేసింది అనే అర్థం వచ్చింది. 14వ శతాబ్దపు విక్లిఫ్ ఇంగ్లీషు బైబిలులోనూ ఆమె ఇంటిని తల్లకిందులే చేస్తుంది. తర్వాతి వాళ్ళు దాన్ని తప్పుగా గుర్తించి సరిదిద్దారు. కిందటి క్రిస్మస్‌కి చర్చి ఊడుస్తూ ఇది అమ్మకు చెప్పాను. నాకేదో గొప్ప సంగతి దొరికిందని నా గొంతులో తెలిసిపోతోందనుకుంటాను. అమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "బెంచీలు ఎత్తకుండా ఎట్టా ఊడుస్తారే?" అంది.

ఉపమానంలో నాణెం దొరకగానే ఆ స్త్రీ చెలికత్తెలను, ఇరుగుపొరుగు వాళ్ళను పిలిచి సంతోషపడుతుంది. మా అమ్మ ఇంకా ఎవర్నీ పిలవలేదు. నేను దొరికానని నేనూ చెప్పడం లేదు. కమిటీలో ఇప్పటికీ ఆడవాళ్ళు లేరు. కాకపోతే శనివారం నేను ఊళ్ళో ఉంటే బెంచీకి ఒక కొస అమ్మ పట్టుకుంటుంది, ఇంకో కొస నేను పట్టుకుంటున్నాను.